ఏదెను పాము నుంచి గేటు ముందు నిమ్మకాయ దాకా: మంత్రవిద్య గురించి మతాలు ఏమంటున్నాయి?

అక్టోబరు నెలాఖరుకి మాదాపూర్, గచ్చిబౌలి మాల్స్‌లో గుమ్మడికాయ బొమ్మలు, చీపురుకట్ట ఎక్కి ఎగిరే ముసలమ్మల బొమ్మలు వేలాడతాయి. కొన్ని స్కూళ్లు పిల్లల్ని మంత్రగత్తె వేషంలో పంపమంటాయి. ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో వాదన నడుస్తుంది. "ఇది సాతాను పండుగ, పిల్లల్ని పంపకండి" అని చర్చి గ్రూపులో ఒకరు పెడతారు. "పిల్లల సరదాకి ఇంత టెన్షన్ ఎందుకు" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు. నాలుగు మెసేజీలు దాటేసరికి మాట హవ్వ దగ్గరికి, పాము దగ్గరికి, చేతబడి దగ్గరికి వెళ్లిపోతుంది.

మరోపక్క, చేతబడి చేస్తోందన్న అనుమానంతో ముసలామెను కొట్టారు, ఒక కుటుంబాన్ని వెలివేశారు అన్న వార్తలు తెలంగాణ జిల్లా పేజీల్లో ఆగడం లేదు. వేషం మీద వాదనకూ ఈ వార్తలకూ సంబంధం లేనట్టు కనిపిస్తుంది. కానీ రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే. కనిపించని శక్తితో మనిషికి హాని చేయడం గురించి మతగ్రంథాలు ఎంతవరకు చెప్పాయి, ఆ తర్వాత మనుషులు దానికి ఏమేం కలిపారు?

దిష్టి వేరు, చేతబడి వేరు, సోదె వేరు

దిష్టి అంటే చూపు వల్ల తగిలే చెడు. దాన్ని ఎవరూ పనిగట్టుకుని చేయరు. చంటిబిడ్డను చూసి "ఎంత ముద్దుగా ఉన్నాడో" అన్న పక్కింటావిడ చూపు కూడా తగలొచ్చని నమ్మకం. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే పోతుందంటారు. అందులో నేరస్తులెవరూ లేరు. చేతబడి అలా కాదు. ఒకరు కావాలని, జుట్టో గోరో బట్టముక్కో సంపాదించి, మంత్రం వేసి ఇంకొకరిని పాడుచేశారన్న ఆరోపణ అందులో ఉంటుంది. మెదక్ వైపు బాణామతి అన్నా, గోదావరి జిల్లాల్లో చిల్లంగి అన్నా ఇలాంటి భయమే.

సోదె, రంగం మూడో రకం. అక్కడ హాని మాట లేదు, తెలియనిది చెప్పడమే ఉంది. బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయంలో పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి వినిపిస్తుంది, టీవీ ఛానెళ్లు లైవ్ ఇస్తాయి. ఆమె నోట పలికేది అమ్మవారే అని భక్తులు తలవంచి వింటారు. పూనకం, దయ్యం పట్టడం నాలుగోది. ఒంటి మీదికి వచ్చింది దేవత అనుకుంటే దండం పెడతారు, దయ్యం అనుకుంటే భూతవైద్యుడి కోసం పరిగెడతారు.

ఇంగ్లిష్ రీల్స్‌లో కనిపించే 'విచ్' వీటిలో దేనికీ చెందదు. 1951లో బ్రిటన్ తన పాత మంత్రవిద్య చట్టాన్ని రద్దు చేశాక జెరాల్డ్ గార్డ్‌నర్ బయటికి తెచ్చిన విక్కా అనే కొత్త మతం ఒకటుంది. వాళ్లు ప్రకృతిని పూజిస్తారు, సాతాను అన్న భావనే వాళ్ల నమ్మకాల్లో లేదు. 'విచ్' అన్న పేరు వాళ్లు ఇష్టపడి పెట్టుకున్నది. మన జిల్లా వార్తలోని ముసలామెకు ఆ పేరు ఊరు పెట్టింది. ఈ తేడా మరిచి మాట్లాడితే ఒకరికి పడాల్సిన తిట్లు ఇంకొకరికి పడతాయి.

ఆదికాండం మూడో అధ్యాయంలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలోని ఈ కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం. ఏదెను తోటలో ఆదాము, హవ్వ ఉంటారు. మంచి చెడ్డల తెలివినిచ్చే చెట్టు పండు తినొద్దని దేవుడి ఆజ్ఞ. సర్పం వచ్చి "మీరు చావనే చావరు" అంటుంది. హవ్వ తింటుంది, భర్తకిస్తుంది, అతనూ తింటాడు. కళ్లు తెరుచుకుంటాయి. ఒంటి మీద బట్ట లేదని తెలిసి అంజూరపు ఆకులు కుట్టి కట్టుకుంటారు. చివరికి తోట నుంచి బయటికి వెళ్లాల్సి వస్తుంది.

ఇప్పుడు అధ్యాయం ముందు పెట్టుకుని నెమ్మదిగా చదవండి. పండు పేరు అక్కడ లేదు. యూరప్ చిత్రకారులు వేసీ వేసీ ఆపిల్ స్థిరపడింది. సాతాను పేరూ లేదు. దేవుడు చేసిన భూజంతువులన్నిటిలో యుక్తి గలదని మాత్రమే సర్పం గురించి ఉంది. 'పాపం' అన్న మాట కూడా ఈ అధ్యాయంలో రాదు. తర్వాతి అధ్యాయంలో, కయీను తమ్ముణ్ని చంపబోయే ముందు మొదటిసారి వస్తుంది. దేవుడు శాపం సర్పానికీ, నేలకూ పెట్టాడు. ఆదాముకీ హవ్వకీ పడబోయే కష్టాలు చెప్పాడు గానీ, శాపగ్రస్తులన్న మాట వాళ్లిద్దరి మీద వాడలేదు. ఇక మంత్రతంత్రాల ఊసు ఎక్కడా లేదు. రీల్స్‌లో తిరిగే "ఆదాము మొదటి భార్య లిలిత్" కథ కూడా బైబిల్లోది కాదు, మధ్యయుగాల నాటి ఒక యూదు రచన నుంచి వచ్చింది.

అలాగని సర్పమే సాతాను అనే క్రైస్తవులు లేనిదాన్ని కల్పించారని తీర్పు చెప్పలేం. అపవాది (సాతాను) అసూయ వల్లే లోకంలోకి మరణం వచ్చిందని సొలొమోను జ్ఞానగ్రంథం అంటుంది. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 12వ అధ్యాయం "ఆదిసర్పము" సాతానేనని సూటిగా చెబుతుంది. బైబిల్ మొత్తాన్ని ఒకే వాక్యంగా నమ్మేవాళ్లు చివరి పుస్తకం వెలుగులో మొదటి పుస్తకాన్ని చదువుతారు. అది విశ్వాసపు చదువు. చరిత్రకారుడు ఒక్కో పుస్తకాన్ని దాని కాలంలో పెట్టి చదువుతాడు. ఈ రెండు చదువులూ కలగాపులగం అయినప్పుడే "బైబిల్లో ఉంది", "లేదు" అన్న వాదనలు తెగవు.

పతనమా, పొరపాటా: ఒక కథకు వచ్చిన వేర్వేరు అర్థాలు

ఒక మనుష్యుని ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలోకి వచ్చాయని అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. అక్కడ ఆయన వేలు చూపింది ఆదాము వైపు. మొదటి తిమోతి 2వ అధ్యాయంలో మాత్రం మోసపోయింది ఆదాము కాదు, స్త్రీ అని ఉంది. ఈ రెండు వాక్యాల్లో దేన్ని ముందు పెట్టుకుంటారన్న దాని మీద తర్వాతి శతాబ్దాల బోధ చాలావరకు ఆధారపడింది.

ఆదాము దోషం పుట్టుకతోనే ప్రతి మనిషికీ వస్తుందన్న జన్మపాప సిద్ధాంతాన్ని గట్టిగా నిలబెట్టింది క్రైస్తవ వేదాంతి అగస్టీన్ (354–430). కాథలిక్కులూ, తర్వాత ప్రొటెస్టెంట్ సంస్కర్తలూ ఆ దారిలోనే నడిచారు. తూర్పు ఆర్థొడాక్స్ చర్చిలు అంత దూరం వెళ్లవు. ఆదాము నుంచి మనకు వచ్చింది మరణం, బలహీనత, అంతే గానీ అతని అపరాధం కాదంటాయి. రెండో శతాబ్దపు బిషప్ ఇరేనియస్ అయితే ఆదాము హవ్వలు ఇంకా ఎదగని పిల్లలన్నాడు. యూదు సంప్రదాయంలో వంశపారంపర్య పాపం అన్న మాటే పెద్దగా లేదు. ప్రతి మనిషిలో మంచి వైపు లాగేదొకటి, చెడు వైపు లాగేదొకటి ఉంటాయి, పశ్చాత్తాపంతో వెనక్కి రావచ్చు అంటారు.

ఖుర్‌ఆన్‌లో ఈ కథ బఖరా, ఆరాఫ్, తాహా సూరాల్లో (అధ్యాయాల్లో) వస్తుంది. మాయ చేసింది ఇబ్లీస్ (సైతాను), పాము కనిపించదు. దంపతులిద్దరూ కలిసే జారతారు, ఇద్దరూ కలిసే క్షమించమని వేడుకుంటారు. తాహా సూరాలో ఆజ్ఞ మీరాడని పేరెత్తి చెప్పింది ఆదమ్‌ను. దేవుడు క్షమించాడు, అక్కడితో ఆ దోషం తీరింది. ఒకరి బరువు మరొకరు మోయరని అన్‌ఆమ్ సూరా చెబుతుంది. అందుకే పాతబస్తీ మసీదు ప్రసంగంలో ఆదమ్ క్షమాపణ పొందిన ప్రవక్త, సికింద్రాబాద్ చర్చి ప్రసంగంలో ఆదాము మనందరి పాపానికి మొదలు. రెండిళ్ల వాళ్లు ఒకే పేరు పలుకుతూ రెండు వేర్వేరు కథలు వింటున్నారు.

హిందూ సంప్రదాయంలో మానవజాతి అంతటినీ ఒక్కసారిగా కిందికి తోసిన ఘటన లేదు. కృతయుగంలో నాలుగు పాదాల మీద నడిచిన ధర్మం యుగానికో పాదం కోల్పోతుంది. మనిషి బంధానికి కారణం అవిద్య. అయినా పతనమూ పామూ కలిసిన కథ మహాభారతంలో ఉంది. ఇంద్రపదవి దక్కిన నహుషుడు గర్వంతో శచీదేవిని కోరి, ఋషుల చేత పల్లకి మోయించి, అగస్త్యుణ్ని కాలితో తన్ని, శాపం తగిలి కొండచిలువై భూమ్మీద పడతాడు. అరణ్యవాసంలో భీముణ్ని చుట్టేసినప్పుడు ధర్మరాజు వచ్చి ప్రశ్నలకు జవాబులు చెప్పి శాపం తీరుస్తాడు. ఈ కథలో పాము మోసం చేసేది కాదు, పడ్డవాడికి వచ్చిన రూపం. అంతకంటే గమనించాల్సింది ఇంకొకటుంది. ధర్మరాజు నహుషుడి వంశంవాడే. పూర్వీకుడి దోషం వారసుడికి అంటలేదు సరికదా, వారసుడే పూర్వీకుణ్ని విడిపించాడు. అగస్టీన్ బోధ పక్కన పెట్టి చూస్తే ఈ రెండు ఆలోచనలు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది.

పాము గుర్తు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల అర్థం

డాక్టర్ల కారు అద్దం మీద కర్రకు చుట్టుకున్న పాము స్టిక్కర్ చూసి ఇది సాతాను గుర్తు అని ఫార్వర్డ్‌లు చేసేవాళ్లున్నారు. అది గ్రీకుల వైద్యదేవత ఆస్క్లీపియస్ చేతికర్ర. బైబిల్లోనే పాముకు ఒకే అర్థం లేదు. సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో పాము కాటుకు గురైనవాళ్లు బతకాలని మోషే ఇత్తడి సర్పాన్ని చేసి స్తంభం మీద పెడతాడు. తరాలు గడిచాక జనం దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు పగలగొట్టిస్తాడు. ఆ సర్పాన్నే యోహాను సువార్త 3వ అధ్యాయంలో యేసు తన సిలువకు పోలిక తెస్తాడు. వస్తువు అదే. ఒకసారి ప్రాణదాత, ఒకసారి విగ్రహం, ఇంకోసారి రక్షణకు గుర్తు.

నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పాము సంతానం, పంట, రక్షణ. బౌద్ధంలో ధ్యానంలో ఉన్న బుద్ధుడికి వాన తగలకుండా పడగ పట్టింది ముచిలిందుడనే నాగరాజు. పాము ఒక్కటే కాదు, మిగతా గుర్తుల సంగతీ అంతే. పీర్ల పండుగలో ఎత్తే పంజా ఐదు వేళ్లు షియాలకు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. ఐదు కోణాల నక్షత్రాన్ని మధ్యయుగ క్రైస్తవులు క్రీస్తు ఐదు గాయాలకు గుర్తుగా వాడారు. తలకిందులు చేస్తే అది దుష్టశక్తి గుర్తు అన్న అర్థం 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన మంత్రవిద్యా రచయిత ఎలిఫాస్ లెవీ రాతల నుంచి పాకింది.

మరి వేషం వేయొచ్చా, వేయకూడదా అన్న ప్రశ్నకు క్రైస్తవుల్లోనే రెండు జవాబులున్నాయి. గుర్తే చెడుకు తలుపు తెరుస్తుందని చాలా పెంతెకొస్తు సంఘాలు నమ్ముతాయి. మనసులో ఉద్దేశం లేకుండా గుర్తుకు బలం ఉండదని మరికొందరంటారు. పౌలు ముందుకి ఇలాంటి తగువే వచ్చింది: విగ్రహానికి అర్పించిన మాంసం తినొచ్చా? మొదటి కొరింథీ 8వ అధ్యాయంలో ఆయన ఇచ్చిన జవాబు రెండు పక్షాలకూ పనికొస్తుంది. విగ్రహం వట్టిదే, కానీ నీ తిండి చూసి బలహీనుడైన సోదరుడు తడబడితే మానెయ్. హాలోవీన్ కూడా నవంబరు 1న వచ్చే సకల పరిశుద్ధుల పండుగకు ముందు రాత్రే. ముస్లిం ఇళ్లలో ఇదే ప్రశ్న ఇతర మతాల ఆచారాలను అనుకరించకూడదన్న హదీసు (ప్రవక్త మాట) దగ్గరికి వెళ్తుంది. ఎంత అనుకరణ తప్పు అన్న దాని మీద ఉలమాల్లోనూ (మతపండితుల్లోనూ) భేదాలున్నాయి.

హవ్వ నుంచి మంత్రగత్తె దాకా ఎలా వచ్చారు

ఏదెనులో మంత్రవిద్య లేకపోతే ఈ రెండూ ఎక్కడ ముడిపడ్డాయి? ఒక దారం హనోకు గ్రంథం అనే ప్రాచీన యూదు రచనలో ఉంది. దేవదూతలు దిగివచ్చి స్త్రీలను పెళ్లాడి వాళ్లకు మంత్రాలు, వేర్లు కోసే విద్య నేర్పారని అది చెబుతుంది. ఇథియోపియా చర్చి దాన్ని బైబిల్లో భాగంగానే చదువుతుంది, మిగతా చర్చిలు చాలావరకు చదవవు. ఖుర్‌ఆన్‌లో బాబిలోన్‌లోని హారూత్, మారూత్ అనే ఇద్దరు దేవదూతల ఉదంతమూ ఇక్కడ గుర్తొస్తుంది. కాకపోతే వాళ్లు "మేము ఒక పరీక్ష మాత్రమే, అవిశ్వాసులు కావొద్దు" అని ముందే హెచ్చరిస్తారు, నేర్చుకున్నది స్త్రీలని కూడా లేదు.

రెండో దారం హవ్వ మీద వేసిన నింద. మూడో శతాబ్దం తొలినాళ్ల క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ స్త్రీలను ఉద్దేశించి "మీరు సాతానుకు ద్వారం" అన్నాడు. అయినా చాలా కాలం చర్చి మంత్రగత్తెల వేట మొదలుపెట్టలేదు. రాత్రిపూట ఆకాశంలో ఎగురుతున్నామని చెప్పే స్త్రీలది భ్రమ అని, దాన్ని నిజమని నమ్మడమే తప్పని పదో శతాబ్దపు చర్చి శాసనం ఒకటి చెప్పింది. 15వ శతాబ్దం చివరికి గాలి మారింది. హెన్రిక్ క్రామర్ అనే డొమినికన్ సన్యాసి, వంకర పక్కటెముక నుంచి పుట్టింది కాబట్టి స్త్రీ త్వరగా మోసపోతుంది, అందుకే మంత్రగత్తెలు ఎక్కువగా స్త్రీలే అని వాదించాడు. ఆదికాండంలో లేని ముడి అక్కడ గట్టిగా పడింది.

యూరప్‌లో సుమారు మూడు శతాబ్దాల్లో 40,000 నుంచి 60,000 మందికి మరణశిక్ష పడిందని చరిత్రకారుల అంచనా. దాదాపు నాలుగింట మూడు వంతులు స్త్రీలు. ఐస్‌లాండ్‌లో మాత్రం ఎక్కువ మంది మగవాళ్లు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు. కాథలిక్, ప్రొటెస్టెంట్ తేడా లేకుండా రెండు పక్షాలూ ఈ పని చేశాయి.

ఆపడానికి నిలబడ్డవాళ్లలోనూ మతగురువులే ఉన్నారని మనవాళ్లకు అంతగా తెలియదు, తెలియాలి. స్పెయిన్‌లో మతవిచారణాధికారి అలోన్సో దె సలజార్ వందల వాంగ్మూలాలు తీసుకుని, ఒక్క చర్యకైనా రుజువు దొరకలేదని రాశాడు. మంత్రగత్తెల గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యే దాకా అక్కడ మంత్రగత్తెలు లేరన్నాడు. జర్మనీలో ఫ్రెడరిక్ స్పే అనే జెసూట్ ఫాదర్ 1631లో, చిత్రహింస పెడితే ఎవరైనా ఒప్పుకుంటారని, ఒప్పుకున్నవాళ్లు ఇంకో నాలుగు పేర్లు చెబుతారని, అలా పట్టిక పెరుగుతూనే పోతుందని చూపించాడు. ఆయన సాతాను ఉన్నాడనే నమ్మాడు. నమ్ముతూనే, ఈ విచారణ తప్పన్నాడు.

చేయొద్దన్న ఆజ్ఞ, చేసిందెవరన్న ఆరోపణ

ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం సోదె చెప్పేవాళ్లను, చిల్లంగివాళ్లను, కర్ణపిశాచిని అడిగేవాళ్లను ఒక్క వరసలో నిషేధిస్తుంది. నిర్గమకాండం 22:18లో మరణశిక్ష కూడా ఉంది, దాచాల్సిన పని లేదు. అది ప్రాచీన ఇశ్రాయేలు రాజ్యచట్టమని, క్రైస్తవ సంఘానికి వర్తించదని నేటి ప్రధాన చర్చిల బోధ. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు మాంత్రికులు విశ్వాసంలోకి వచ్చి యాభై వేల వెండి నాణేల విలువైన తమ పుస్తకాలను తామే కాల్చేస్తారు. కాలింది పుస్తకాలే. ఎవరినీ ఎవరూ కొట్టలేదు.

ఇస్లాంలో సిహ్ర్, అంటే మంత్రవిద్య, ఘోరపాపాల్లో ఒకటి. దాని శక్తి ఎంత అన్న దగ్గర పాత చర్చ ఉంది. ఈజిప్టు రాజు ఫిరౌను మాంత్రికుల తాళ్లు పాములై పాకుతున్నట్టు 'అనిపించాయి' అన్న ఆయత్‌ను (ఖుర్‌ఆన్ వాక్యాన్ని) పట్టుకుని, తర్కానికి పెద్దపీట వేసిన ముఅతజిలా పండితులు అదంతా కనికట్టు అన్నారు. ప్రభావం నిజమేనని ఎక్కువ మంది సున్నీ పండితులు నమ్మారు, కానీ దేవుడి అనుమతి లేకుండా ఎవరికీ హాని జరగదన్న బఖరా 102వ ఆయత్ దానికి హద్దు గీస్తుంది. శిక్ష గురించి పాత న్యాయశాస్త్రం కఠినంగానే ఉంది. సున్నీ న్యాయసంప్రదాయాల్లో ఒకటైన షాఫిఈ పండితులు మాత్రం ఆ పనిలో అవిశ్వాసమో, హత్యో ఉందా అని ముందు చూడమన్నారు. ఏ పక్షమైనా తీర్పు ఖాజీ చేతిలో పెట్టిందే గానీ వీధి చేతిలో కాదు.

అథర్వవేదంలో కృత్యను, అంటే శత్రువు మీదికి ప్రయోగించే క్షుద్రశక్తిని, తిప్పికొట్టే మంత్రాలున్నాయి. తంత్రగ్రంథాల్లో శాంతి, వశీకరణం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం అని ఆరు కర్మల లెక్క ఉంది. మనుస్మృతి అభిచారాన్ని (హాని కోసం చేసే మంత్రప్రయోగాన్ని) ఉపపాతకాల్లో, అంటే రెండో స్థాయి పాపాల్లో, చేర్చింది. ప్రేతాలను, భూతగణాలను పూజించేది తామసులని భగవద్గీత 17వ అధ్యాయం అంటుంది. కాబట్టి హిందూ ధర్మం దీన్ని ఒప్పుకుందనీ అనలేం, ఎరగదనీ అనలేం.

ఇన్ని గ్రంథాల్లో నాకు బలంగా కనిపించేది ఒక్కటే. ఇవన్నీ ఎక్కువగా మాట్లాడేది వినేవాడితో: "నువ్వు చేయకు, నువ్వు వాళ్ల దగ్గరికి వెళ్లకు." జ్వరం తగ్గకపోతే పక్కింటివాళ్లలో కారకులెవరో కనిపెట్టే పద్ధతి ఇవి నేర్పవు. దాన్ని నేర్పేది భూతవైద్యుడు, లేదా భయం.

ఒక ఉదాహరణ: అమావాస్య మర్నాడు గేటు ముందు నిమ్మకాయ

బోడుప్పల్‌లో ఒక కాలనీ అనుకుందాం. పొద్దున్నే గేటు ముందు రెండుగా కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయ ఉంది. కింది ఇంటి పెద్దమ్మ "ఎవరో దిష్టి తీసి పడేశారు, దాటకండి" అని చీపురుతో పక్కకు తోస్తుంది. ఎదురింటి ముస్లిం కుటుంబంలో ఫలఖ్, నాస్ సూరాలు చదివి ఊదుకుంటారు. తావీజు (తాయెత్తు) కట్టాలా వద్దా అన్న దగ్గర తాతకూ మనవడికీ కుదరదు, ఆయనకు దర్గా అలవాటు, మనవడికి అది షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించే పాపం. పెంతెకొస్తు ఇంట్లో "యేసు నామంలో" అని ప్రార్థన చేస్తారు. కాథలిక్ ఇంట్లో పవిత్రజలం చల్లుతారు. దయ్యం పట్టిందన్న అనుమానం దాకా వెళ్తే వాళ్ల చర్చి ముందు డాక్టరు పరీక్ష అడుగుతుంది, ఆ తర్వాత బిషప్ అనుమతి ఉన్న ఫాదరే ఆ ప్రార్థన చేయాలి. జన విజ్ఞాన వేదిక కార్యకర్త అయితే ఆ నిమ్మకాయ తీసి, పిల్లల ముందు పిండి, అందులో ఏమీ లేదని చూపిస్తాడు.

ఇక్కడి దాకా ఎవరి నమ్మకం వాళ్లది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ వారంలో మూడో అంతస్తు పిల్లాడికి మూర్ఛ వచ్చిందనుకోండి. "ఆ నిమ్మకాయ ఎవరు వేశారు?" అన్న ప్రశ్న లేస్తుంది. వెంటనే ఒక పేరు వస్తుంది. సాధారణంగా ఒంటరి స్త్రీ, లేదా స్థలం తగాదా ఉన్న ఇల్లు. అప్పటిదాకా నమ్మకంగా ఉన్నది ఆ క్షణం నుంచి ఆరోపణ.

ఆఫ్రికాలోని అజాందే ప్రజల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ 1937లో దీన్ని చక్కగా విప్పి చెప్పాడు. ధాన్యపు కొట్టం కూలి కింద కూర్చున్నవాళ్లు దెబ్బతింటే, స్తంభాలను చెదలు తిన్నాయని అజాందేలకు తెలుసు. కానీ సరిగ్గా ఆ మనుషులు కింద ఉన్నప్పుడే ఎందుకు కూలింది? దానికి జవాబు మంత్రవిద్య. మూర్ఛకు కారణం మెదడులో ఉందని డాక్టరు చెబుతాడు. మా పిల్లాడికే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అన్నదానికి డాక్టరు దగ్గర జవాబు లేదు. ఆ ఖాళీలోకే పక్కింటామె పేరు వచ్చి కూర్చుంటుంది.

చట్టం అడిగే ప్రశ్న వేరు

మంత్రగత్తె ముద్ర వేయడాన్నే నేరం చేస్తూ బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో చట్టాలు తెచ్చాయి. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత మహారాష్ట్ర 2013లో, ఆ తర్వాత 2017లో కర్ణాటక చేతబడి, అమానుష ఆచారాలకు వ్యతిరేకంగా చట్టాలు చేశాయి. ముద్ర వేయడమే నేరమైతే దాడి జరగకముందే పోలీసులు కదలొచ్చని వీటిని కోరేవాళ్ల వాదన. మతాచారం ఏది, మోసం ఏది అన్న గీత పోలీసు చేతికి వెళ్తుందని వ్యతిరేకించేవాళ్ల భయం. పీర్లు, బోనాలు, స్వస్థత కూటాలు అన్నీ ఉన్న హైదరాబాద్‌లో ఆ భయాన్ని తీసిపారేయలేం. అయితే కొట్టాక, చంపాక మాత్రమే పనిచేసే సెక్షన్లతో ఆ ముసలామెకు ఒరిగేదేమీ లేదన్నదీ నిజమే. నాకు రెండో మాటే బరువుగా అనిపిస్తుంది.

ఏ చట్టం కింద నడిచినా కోర్టు చేతబడి ఉందా లేదా అని తేల్చదు. ఎవరు కొట్టారు, ఎవరు ఉసిగొలిపారు, ఎవరు డబ్బు తీసుకున్నారు అన్నదే చూస్తుంది. తాయెత్తుతో, మంత్రంతో రోగం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం ఒకటి దేశమంతటా నిషేధించింది. బస్టాపుల్లో అంటించే బాబాల స్టిక్కర్లలో జబ్బులు తగ్గిస్తామన్న హామీ దాని కిందికి వస్తుంది. వశీకరణం, కోర్టు కేసు, ఉద్యోగం పేరుతో డబ్బు గుంజితే భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్ కింద స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాల్సి ఉంటుంది.